లేచి బయల్దేరడమే సాహసమా?

అక్టోబరు వచ్చిందంటే దక్షిణ కాలిఫోర్నియాలోని తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో జాషువా ట్రీ పేరు మోగుతుంది. గుండ్రటి బండలు, వాటి పక్కన చేతులెత్తి నిలబడ్డట్టుండే చెట్లు, పైన ఆకాశం నిండా చుక్కలు ఉన్న ఫొటో ఎవరో ఒకరు పెడతారు. "థాంక్స్‌గివింగ్‌కి పోదాం. టెంట్లు ఎవరి దగ్గరైనా దొరుకుతాయి. బండలెక్కే సంగతి అక్కడికెళ్లాక చూసుకుందాం" అంటారు ఇంకొకరు. నీళ్ల మాటో తాళ్ల మాటో ఎత్తినవాళ్లకు జవాబు సిద్ధంగా ఉంటుంది: "అన్నీ ముందే ప్లాన్ చేసుకుంటే ఇంక మజా ఏముంది బ్రదర్!"

ఇది ఒక్క గ్రూపులో పుట్టిన మాట కాదు. ప్రయాణాల వీడియోలు తీసేవాళ్లు చెప్పేదీ, కొండల బొమ్మలేసి బూట్లు అమ్మే ప్రకటనలు చెప్పేదీ ఇదే. ఆలోచించేవాడు ఇంట్లోనే ఉండిపోతాడట, ధైర్యమున్నవాడు లేచి బయల్దేరతాడట. నగరంలో సినిమాకో భోజనానికో పోయేటప్పుడు ఈ మాట వల్ల వచ్చే నష్టమేమీ లేదు. తాడు కట్టుకుని బండలెక్కడానికి ఎడారికి పోయేవాళ్లు దీన్ని నమ్మితే ప్రాణం మీదికి వస్తుంది. పైగా వాళ్లు కోరుకుంటున్న ఆ మజా కూడా దక్కదు. ఈ రెండో సంగతి ఎవరూ చెప్పడం లేదు కాబట్టే ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందు జాషువా ట్రీ ఎలాంటి చోటో చెప్పాలి. లాస్ ఏంజెలెస్‌కు తూర్పున రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉంది. విస్తీర్ణం దాదాపు 3,200 చదరపు కిలోమీటర్లు. హైదరాబాద్ పాత నగరపాలక సంస్థ పరిధి లాంటివి నాలుగు ఇందులో పట్టేసి ఇంకా చోటు మిగులుతుంది. మినర్వా హామిల్టన్ హోయ్ట్ అనే ఆవిడ ఆ ఎడారి మొక్కల కోసం ఏళ్ల తరబడి పోరాడగా 1936లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ దాన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. 1994లో అది నేషనల్ పార్క్ అయింది. రెండు ఎడారులు అక్కడ కలుస్తాయి. తూర్పున, దక్షిణాన పల్లంలో ఉన్నది కొలరాడో ఎడారి, పడమటి ఎత్తుల మీద ఉన్నది మొహావీ. జాషువా చెట్లూ, ఎక్కేవాళ్లు వెతుక్కుంటూ వచ్చే బండలూ ప్రధానంగా ఈ పైభాగంలోనే ఉన్నాయి. అక్కడ 8,000కు పైగా క్లైంబింగ్ దారులున్నాయని అంచనా. ప్రపంచం నలుమూలల నుంచీ క్లైంబర్లు చలికాలంలో అక్కడికి చేరుకుంటారు.

చలికాలంలో అన్నాను. ఎడారి అనగానే ఎండ తప్ప ఇంకేమీ తోచని వాళ్లకు మొదటి దెబ్బ ఇక్కడే తగులుతుంది. అక్కడ వేసవిలో 38 డిగ్రీలు దాటుతుంది, అప్పుడు బండ మీద చెయ్యి పెట్టడమే కష్టం. వసంతంలో, శరత్తులో పగలు 29 దాకా ఉండి రాత్రికి 10కి దిగుతుంది. చలికాలంలో పగలు 15 డిగ్రీల దగ్గర హాయిగా ఉంటుంది, రాత్రి నీళ్లు గడ్డకడతాయి. టెంట్లు వేసుకునే హిడెన్ వ్యాలీ సముద్రమట్టానికి 1,200 మీటర్ల పైన ఉంది. నవంబరు ఆఖర్లో సాయంత్రం నాలుగున్నర దాటగానే పొద్దు గుంకుతుంది. మధ్యాహ్నం టీషర్టుతో బండ మీద ఉన్న మనిషికి సాయంత్రం ఆరింటికి స్వెటరు మీద జాకెట్టు వేసినా వణుకు ఆగదు. ఇంట్లోని దుప్పట్లు కారులో పడేసుకుని వచ్చిన కుటుంబాలు రాత్రంతా ఇంజన్ నడుపుకుంటూ హీటర్ దగ్గర కూర్చోవడం అక్కడ చూస్తుంటాం. పిల్లలు నిద్రపోరు, పెద్దలు నిద్రపోరు. ఆ మర్నాడు పొద్దున వాళ్లు తాడు కట్టుకుంటారు.

నీళ్ల సంగతి ఇంకా ముఖ్యం. పార్కు లోపలి రోడ్డు పొడవునా కుళాయిలు లేవు. హిడెన్ వ్యాలీ, రయాన్, జంబో రాక్స్, బెల్, వైట్ ట్యాంక్ అని పేర్లు చూసి ఊళ్లనుకుంటారేమో, అవన్నీ టెంటు వేసుకునే చోట్లు, వాటిలో చుక్క నీరు దొరకదు. క్యాంప్‌గ్రౌండ్లలో నీళ్లుండేవి బ్లాక్ రాక్, కాటన్‌వుడ్ అనే రెండింటిలోనే. అవి రెండూ క్లైంబింగ్ ఎక్కువగా జరిగే చోటికి దూరం. మనిషికి రోజుకు కనీసం 4 లీటర్లు, ఒళ్లు అలిసే పని చేస్తే 8 లీటర్లు కావాలి. ఆరుగురు మూడు రోజులుంటే 72 లీటర్లు మొదలు 144 లీటర్ల దాకా. మన ఇళ్లకు వచ్చే 20 లీటర్ల క్యాన్లు ఏడుకు పైనే. వంటా గిన్నెలు కడగడమూ ఈ లెక్కలో లేవు. ఆరుగురు మనుషులు, టెంట్లు, తాళ్లు, ఈ క్యాన్లు ఒక కారులో పట్టవు. క్యాంప్‌గ్రౌండులో ఒక్కో టెంటు చోటుకు ఆరుగురు, రెండు కార్లు, మూడు టెంట్లు మించి ఉండకూడదన్నది పార్కు నియమం. పద్నాలుగు మంది కలిసి పోదామని తీర్మానించుకున్న గ్రూపుకు ఇక్కడే లెక్క తప్పుతుంది. అంతమందికి వేరే గ్రూపు చోట్లున్నాయి, అవి ముందుగా బుక్ చేసుకోవాలి.

ఆ ఎడారి గాలికి ఇంకో గుణం ఉంది. విజయవాడ మే నెలలో చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోతుంది. ఒంట్లోంచి నీళ్లు పోతున్నాయని ఒళ్లే చెబుతుంది. జాషువా ట్రీలో చెమట పుట్టిన చోటే ఆరిపోతుంది. చర్మం పొడిగా ఉంటుంది, మనిషి తనకు చెమటే పట్టలేదనుకుంటాడు. సాయంత్రానికి మెడ మీద, టోపీ అంచున తెల్లగా ఉప్పు చార కనబడుతుంది. దాహం వేసేసరికే ఆలస్యమైపోతుంది. నీళ్లు తగ్గితే ముందు పోయేది బలం కాదు, నిదానం. విసుగొస్తుంది, వేళ్లు మొద్దుబారతాయి. వేలసార్లు వేసిన ముడి సగంలో ఆగిపోతుంది, ఎవరో పిలిస్తే తల తిప్పి చూసి ఆ ముడి పూర్తయిందనుకుంటారు. నీళ్ల లెక్క గుమస్తా పని అని తీసిపారేసేవాళ్లు ఈ ముడి దగ్గరికి వచ్చి మాట్లాడాలి.

టెంటు చోట్ల గురించి ఎక్కువ చెప్పను. సీజన్లో వారాంతాలు నిండిపోతాయి. చాలా చోట్లకు ఆరు నెలల ముందు నుంచే రిజర్వేషన్ దొరుకుతుంది. హిడెన్ వ్యాలీలో ఉన్నవి 44 చోట్లే, దశాబ్దాలుగా అది ముందొచ్చినవాళ్లకే. శుక్రవారం రాత్రి తొమ్మిదింటికి చేరుకుని ఖాళీ కోసం తిరిగే కార్ల దీపాలు అక్కడ ప్రతి వారం కనబడతాయి.

ఇప్పుడు అసలు విషయం, బండ. హైదరాబాదు వాళ్లకు జాషువా ట్రీ చూడగానే ప్రాణం లేచి వస్తుంది. ఖాజాగూడలోనో గచ్చిబౌలి వెనకో చిన్నప్పుడు ఎక్కి దిగిన గుండ్లు అక్కడ మళ్లీ కనబడతాయి, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు, ఇప్పుడో ఇంకాసేపటికో దొర్లుతాయన్నట్టు. పోలిక ఉత్తదేమీ కాదు. రెండు చోట్లా భూమి లోపల గడ్డకట్టిన శిలాద్రవం, పగుళ్ల వెంట ఇంకిన నీరు మూలల్ని తినేసి బండను గుండ్రంగా చెయ్యడం, ఆనక పైమట్టి కొట్టుకుపోవడం, అన్నీ ఒక్కటే. కానీ మన దక్కను రాయి వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు, అక్కడిది పది కోట్ల ఏళ్ల పైచిలుకు. అక్కడి రాతిలో గింజలు పెద్దవి, పదునైనవి. అరిచెయ్యి పగులులో దూర్చి తిప్పితే చర్మం లేచిపోతుంది. అందుకే తెలిసినవాళ్లు చేతి వెనక టేపు చుట్టుకుని ఎక్కుతారు. "చిన్నప్పుడు చెప్పుల్లేకుండా ఎక్కాం, ఇదెంత" అనేవాళ్లకు చిన్నప్పుడు ఎక్కిన గుండు ఎత్తెంతో గుర్తుచెయ్యాలి.

రెండో ధీమా జిమ్‌ది. ఇప్పుడు ప్రతి ఊళ్లోనూ క్లైంబింగ్ జిమ్ ఉంది, మన పిల్లలూ పెద్దలూ అక్కడ బాగానే ఎక్కుతున్నారు. చాలా సంతోషం. కానీ జిమ్‌లో 5.10 కష్టస్థాయి దారి ఎక్కినవాడు జాషువా ట్రీలో 5.7 అనే అంకె చూసి తేలిగ్గా తీసుకుంటే పొరబాటే. ఆ అంకెలు చాలావాటికి 1960లలో, 70లలో వేసినవి. 1960లలో 5.10 అంటే మనిషి చెయ్యగలిగిన దాని చివర. కింద ఉన్న అంకెలన్నీ ఆ లెక్కన కుదించుకుపోయాయి. జిమ్‌లో పట్టు ఎక్కడుందో రంగు చెబుతుంది, కొక్కెం ఎక్కడుందో కంటికి కనబడుతుంది. అక్కడ ఏ పట్టూ లేని నిలువు పగులు ఒకటి ఉంటుంది. అందులో పిడికిలి బిగించి, పాదం అడ్డంగా తిప్పి లేవాలి. ఓల్డ్ వుమన్ అనే బండ మీద డబుల్ క్రాస్ అని పేరుమోసిన దారి ఉంది, గ్రేడు 5.7 ప్లస్. పగులు మొదలయ్యే చోటికి చేరేవరకు తాడుకు రక్షణ పెట్టుకునే వీల్లేదు. అంకెను చూసి దాని మీదికి పోయేవాళ్లు ఆ మొదటి అడుగుల దగ్గరే తమ లెక్క ఎంత తప్పో తెలుసుకుంటారు. నేల అప్పటికే దూరమై ఉంటుంది.

"మేం ముందుండి ఎక్కం, పై నుంచి తాడు వేసుకుని ఎక్కుతాం, అందులో ప్రమాదమేముంది" అనేవాళ్లే ఎక్కువ. వాళ్ల కోసం ఆ పైన జరిగేది కాస్త దగ్గరగా చూపిస్తాను. బండ నెత్తి గుండ్రంగా ఉంటుంది. చాలా బండల మీద అంచు దగ్గర బోల్టులుండవు. పార్కులో అధికభాగం చట్టప్రకారం వన్యభూమి కాబట్టి అనుమతి లేకుండా కొత్తవి కొట్టకూడదు. చెట్టుకో పొదకో కట్టడం నిషిద్ధం, ఎండు మొద్దుకైనా సరే. రక్షణ పెట్టడానికి పనికొచ్చే పగులు అంచుకు ఐదారు మీటర్లో పది మీటర్లో వెనక ఉంటుంది. ఆ పగులులో నట్ పెట్టాలి. అది వేలి కణుపంత లోహపు దిమ్మ, దానికో ఉక్కుతీగ. పగులు పైన వెడల్పుగా ఉండి కిందికి ఇరుకయ్యే చోటు వెతికి, అందులో జారవిడిచి, కిందికి గుంజి కూర్చోబెట్టాలి. వెడల్పు పగులైతే క్యామ్ పెట్టాలి. ట్రిగ్గరు లాగితే దాని లోహపు రెక్కలు ముడుచుకుంటాయి, వదిలితే విచ్చుకుని రెండు గోడల్నీ నొక్కి పడతాయి. గోడ గట్టిదైతేనే అది పనిచేస్తుంది. ఇక్కడి రాయి పైపొర కొన్ని చోట్ల గోటితో గీకినా ఇసుకగా రాలుతుంది. అలాంటి పొర మీద కూర్చున్న క్యామ్ చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది, బరువు పడితే జారి వస్తుంది. అందుకని ఒకదాన్ని నమ్ముకోకుండా మూడు వేరువేరు చోట్ల మూడు పెట్టి, సాగని తాడుతో కలిపి, ఏ ఒక్కటి ఊడినా మిగతా రెండూ కుదుపు లేకుండా మోసేలా ముడి వెయ్యాలి. ఆ సాగని తాడు ఇరవై అయిదు, ముప్పై మీటర్లు ఉండాలి, లేకపోతే అంచు దాటి కిందికి రాదు. అంచున రాపిడికి అడ్డుగా గుడ్డో పైపు ముక్కో వెయ్యాలి. ఇదంతా చేసేటప్పుడు, చేసే మనిషి కూడా అంచు దగ్గర కట్టుకునే ఉండాలి.

ఇందులో ఏ ఒక్కటీ "అక్కడికెళ్లాక చూసుకునే" పని కాదు. ముప్పై మీటర్ల తాడు ఇంటి దగ్గరే సర్దుకోవాలి. మూడు రక్షణలు కలిపే ముడి నేల మీద, వెలుతురులో, తప్పు చేసినా ఏమీ కాని చోట నేర్చుకోవాలి. ఆ బండ మీదికి వెనక నుంచి నడిచి పోవచ్చా, ఎవరైనా ముందుండి ఎక్కాలా, దిగడానికి దారుందా, తాడు మీదే దిగాలా అన్నవన్నీ గైడ్‌బుక్ తెరిచి ముందే చూసుకోవాలి. ఎక్కడం వచ్చి దిగడం రాకపోవడం అక్కడ మామూలు సంగతి. అమెరికన్ ఆల్పైన్ క్లబ్ 1948 నుంచి ఏటా ప్రమాదాల నివేదిక అచ్చు వేస్తోంది. తాడు కొనకు ముడి వెయ్యక దాని చివరి నుంచి జారిపోవడం, ముడి పూర్తిచెయ్యకపోవడం, చీకటి పడ్డాక దారి తప్పడం వంటివి అందులో మళ్లీ మళ్లీ కనబడతాయి. కొండ మీదపడి చచ్చినవాళ్ల కథలు తక్కువ. ముందే సరిదిద్దుకోగలిగిన చిన్న చిన్న లోపాల కథలే ఎక్కువ.

దీనికి ఎదురువాదం ఒకటుంది, అది బలమైనదే. జాషువా ట్రీ కీర్తి అంతా 1970లలో అక్కడ తిరిగిన కుర్రాళ్లది కదా అంటారు. జాన్ బాకర్, జాన్ లాంగ్, లిన్ హిల్ లాంటివాళ్లు జేబులో డబ్బుల్లేకుండా వచ్చి, బుద్ధి పుట్టిన బండ మీద తాడు కూడా లేకుండా ఎక్కిపోయారు కదా, వాళ్లేం ప్లాన్ చేశారు అని అడుగుతారు. చూసినవాళ్లకు అలా కనబడిన మాట నిజమే. కానీ వాళ్లు శుక్రవారం వచ్చి ఆదివారం పోయినవాళ్లు కారు. చలికాలాలకు చలికాలాలు అక్కడే గడిపారు. ఏ బండ మీద ఎండ ఎప్పుడు పడుతుందో, ఏ పగులు ఎక్కడ ఇరుకవుతుందో ఒంటికి ఎక్కించుకున్నారు. మనం కాయితం మీద రాసుకునేది వాళ్లు ఏళ్ల తరబడి అక్కడ బతికి సంపాదించారు. వాళ్ల చివరి అడుగు చూసి మొదటి అడుగుగా వేస్తామంటే ఎలా? అంత తెలిసిన బాకర్ కూడా 2009లో తాడు లేకుండా ఎక్కుతూనే పడిపోయి చనిపోయాడు.

అలెక్స్ హానల్డ్ పేరు చెప్పనివాళ్లు లేరు. 2017 జూన్‌లో యోసెమిటీలోని ఎల్ కాపిటన్ మీద దాదాపు 900 మీటర్లు తాడు లేకుండా ఎక్కాడు, దాని మీద తీసిన సినిమాకు ఆస్కార్ వచ్చింది. మనవాళ్లు ఆ సినిమాలో చివరి ఇరవై నిమిషాలే గుర్తుపెట్టుకున్నారు. అంతకు ముందు అతను అదే దారిని తాడుతో పదే పదే ఎక్కాడు. చెయ్యి ఎక్కడ, కాలు ఎక్కడ అన్నది నోటుపుస్తకంలో రాసుకున్నాడు, కంఠస్థం చేశాడు. 2016లో ఒకసారి మొదలుపెట్టి, మనసు ఒప్పుకోక, కెమెరాలన్నీ చూస్తుండగానే వెనక్కి వచ్చేశాడు. ఆ సినిమా నుంచి నేర్చుకోవాల్సిన పాఠం ఆ వెనక్కి రావడంలో ఉంది.

అంత దూరం ఎందుకు, మన మాలావత్ పూర్ణను చూడండి. 2014లో పద్నాలుగేళ్లు నిండకముందే ఎవరెస్టు ఎక్కిన ఆ నిజామాబాద్ పిల్ల మొదట భువనగిరి కోట బండ మీద తాడు పట్టడం నేర్చుకుంది. తరవాత డార్జిలింగ్, ఆ తరవాత లదాఖ్ చలి. ఒక్కో మెట్టూ ఎవరో ఆలోచించి పేర్చినది. ఆ అమ్మాయి ధైర్యాన్ని పొగిడి ఆ శిక్షణను మరిచిపోవడం ఆమెకు చేసే అన్యాయం.

"ఫోన్ ఉంది కదా, డబ్బుంది కదా, గైడును పెట్టుకుందాం" అనేవాళ్లూ ఉన్నారు. గైడును పెట్టుకోండి, అది చాలా మంచి పని. పార్కు అనుమతి ఉన్నవాళ్లనే పెట్టుకోవాలి. సీజన్లో వాళ్లు ముందే నిండిపోతారు, కాబట్టి అది కూడా ప్లానింగే. ఫోన్ మాత్రం ఆ పార్కులో చాలాచోట్ల పలకదు. హిడెన్ వ్యాలీ దగ్గర ఇంటర్‌సెక్షన్ రాక్ పార్కింగులో ఒక అత్యవసర ఫోన్, ఇండియన్ కోవ్ రేంజరు ఆఫీసు దగ్గర ఇంకొకటి ఉన్నాయి. అవి ఎక్కడున్నాయో బండ కిందికి చేరాక వెతుక్కోకూడదు. ఉపగ్రహం ద్వారా సందేశం పంపే ఫోన్లు వచ్చాయి, నిజమే. ఆ సందేశం మీరెక్కడున్నారో చెబుతుంది. మీ దాకా తాళ్లు, స్ట్రెచరు మోసుకుని రావలసింది మనుషులు. వాళ్లలో చాలామంది స్వచ్ఛందంగా, తమ ఆదివారం వదులుకుని వచ్చేవాళ్లు. 2010 జూన్‌లో ఆ పార్కుకు ఒంటరిగా నడకకు వెళ్లిన ఒకాయన కారు ట్రెయిల్ మొదట్లో దొరికింది. వందలమంది వెతికారు, ఏళ్ల తరబడి వెతికారు. ఆయన అవశేషాలు 2022లో బయటపడ్డాయి. ఆ ఎడారి అంత పెద్దది.

ప్లాన్ లేని ప్రయాణం ఖర్చును వెళ్లినవాళ్లే భరిస్తారనుకోవడం మరో భ్రమ. ముందుగా చోటు చూసుకోనివాడు రాత్రిపూట కారును ఇసుక మీదికి తిప్పుతాడు. ఆ ఇసుక మీద నల్లగా గరుకుగా ఉండే పొర జీవమున్నది. గాలికి మట్టి కొట్టుకుపోకుండా పట్టి ఉంచేది అదే. టైరు పడితే కోలుకోవడానికి దశాబ్దాలు పడుతుంది. కట్టెలు తెచ్చుకోనివాడు పడిపోయిన జాషువా కొమ్మ ఎండిందే కదా అని విరుస్తాడు. ఆ ఎండు మొద్దు కిందే చిటికెన వేలంత ఎడారి బల్లులు కాపురం ఉంటాయి. పార్కులో కట్టెలు ఏరడం నిషిద్ధం కావడానికి ఇదో కారణం. జాషువా చెట్టు ఏడాదికి కొన్ని సెంటీమీటర్లే పెరుగుతుంది. 2018 డిసెంబరులో మొదలై 35 రోజులు అమెరికా ప్రభుత్వం మూతపడినప్పుడు, కాపలా లేని ఆ పార్కులో కొందరు కార్లు అడ్డదిడ్డంగా తోలారు, చెట్లు కొట్టేశారు. అప్పుడు కొట్టిన చెట్ల ఎత్తుకు కొత్తవి ఎదగడం మనం చూడం.

అక్కడ తాబేలు ఒకటి ఉంది. 1990 నుంచి అమెరికా చట్టప్రకారం ముప్పులో ఉన్న జాతి. వానలు పడ్డ కొద్ది రోజుల్లో తాగిన నీళ్లను మూత్రాశయంలో దాచుకుని నెలల తరబడి బతుకుతుంది. ఎవరైనా ముచ్చటపడి చేతుల్లోకి తీసుకుంటే భయంతో ఆ నీళ్లన్నీ వదిలేస్తుంది. మళ్లీ వాన వచ్చేదాకా దానికి నీళ్లు లేవు. నీడ కోసం అది ఆగి ఉన్న కారు కింద చేరుతుంది కాబట్టి కదిలించే ముందు వంగి చూడాలి. ఇవి ముందే తెలుసుకుని వచ్చినవాడికి ఒక్క క్షణం పని. తెలియకుండా వచ్చినవాడు మంచివాడే అయినా దాన్ని చంపగలడు.

ఒక్క విషయం ఒప్పుకుంటాను. పొద్దున ఆరింటికి కాఫీ, ఆరున్నరకు ఫలానా బండ, తొమ్మిదికి ఇంకో బండ అని నిమిషాల పట్టిక వేసుకుని దాని వెంట పరుగెత్తేవాళ్లను చూసి జనం ప్లానింగ్ అంటేనే విసుక్కుంటున్నారు. ఆ విసుగు న్యాయమైనదే. కానీ అది ప్లాన్ కాదు, టైంటేబులు. బండ దగ్గర పనికొచ్చే ప్లాన్ ఏం చెయ్యాలో తక్కువ చెబుతుంది, ఎప్పుడు ఆపెయ్యాలో స్పష్టంగా చెబుతుంది. మధ్యాహ్నం రెండున్నర తరవాత కొత్త దారి మొదలుపెట్టం. గాలికి ఒకరి కేక ఇంకొకరికి వినబడకపోతే దిగిపోతాం. నీళ్లు సగానికి వస్తే కారు దగ్గరికి పోతాం. ముందుండి ఎక్కే మనిషి రాత్రి నిద్రపోకపోతే ఆ రోజు అందరం నడకకు పోతాం. ఇలాంటి నిర్ణయాలు కడుపు నిండి, నీడలో కూర్చుని, బుద్ధి చల్లగా ఉన్నప్పుడు చెయ్యాలి. పట్టుదల తలకెక్కాక, ఇంత దూరం వచ్చి ఎక్కకుండా పోతామా అన్న ఊపులో ఎవరూ చెయ్యలేరు.

గ్రూపులో అందరికంటే మెత్తటి మనిషికి నోరు వచ్చేది కూడా ఆ ముందు మాటల్లోనే. బండ కింద హార్నెస్ తొడిగాక, అందరూ చప్పట్లు కొడుతుంటే, "అన్నయ్యా, నాకు భయంగా ఉంది, నేను ఎక్కను" అనడం ఎంత కష్టమో ఒకసారి ఆలోచించండి. కొత్తగా పెళ్లై వచ్చిన అమ్మాయికి, పదిహేనేళ్ల పిల్లాడికి, మోకాలు నొప్పి దాచుకునే యాభై ఏళ్ల పెద్దమనిషికి అది అయ్యే పని కాదు. వారం ముందు ఇంట్లో కూర్చుని ఎవరికేం వచ్చు, ఎవరికేం వద్దు అని మాట్లాడుకుంటే వాళ్లు చెబుతారు. ఆ మాటలే జరగనివ్వకుండా మజా పేరుతో కొట్టిపారేసే మనిషి తన సరదాకు ఇంకొకరి భయాన్ని పణంగా పెడుతున్నాడు.

మజా గురించి ఇప్పుడు చెబుతాను. నీళ్లు సరిపడా ఉండి, రాత్రికి చోటు ఖాయమై, దిగే దారి తెలిసినవాళ్ల పగలు చూడండి. వాళ్లకు తొందర లేదు. ఒకే పగులు దగ్గర మధ్యాహ్నమంతా గడపగలరు. చెయ్యి ఎలా తిప్పితే పట్టు దొరుకుతుందో కనిపెట్టేదాకా పడుతూ లేస్తూ ఉండగలరు. పులిహోర విప్పుకుని నీడలో తినగలరు. చీకటి పడ్డాక నెగడు ముందు కూర్చుని పాలపుంతను చూడగలరు. 2017లో ఆ పార్కుకు చీకటి ఆకాశపు గుర్తింపు ఊరికే రాలేదు. ప్లాన్ లేనివాళ్లు అదే సమయంలో ఊళ్లోని దుకాణంలో నీళ్ల క్యాన్ల కోసం లైనులో నిలబడి ఉంటారు, లేదా ఖాళీ లేని క్యాంప్‌గ్రౌండులో మూడో చుట్టు తిరుగుతుంటారు. ఇద్దరిలో స్వేచ్ఛగా ఉన్నది ఎవరు?

ఈ సీజన్లో వెళ్లేవాళ్లకు నా మనవి ఇది. సీజన్లో వారాంతపు ఉదయాల్లో హిడెన్ వ్యాలీ దగ్గర రేంజర్లూ క్లైంబర్లూ కలిసి కాఫీ పోస్తూ అడిగినవాళ్లకు అడిగినంత చెబుతారు. మొహమాటపడకుండా వెళ్లి అడగండి. బయల్దేరేముందు మాత్రం ఒక కాయితం మీద ఎవరెవరు వెళ్తున్నారో, ఏ బండ దగ్గర ఉంటారో, కారు ఎక్కడ ఆపుతారో, ఎన్నింటికి తిరిగి సిగ్నల్ ఉన్నచోటికి వస్తారో రాయండి. ఆ కాయితాన్ని ఇంట్లో ఉండిపోయే ఒకరి చేతికి ఇవ్వండి. ఆ వేళ దాటి రెండు గంటలైనా మీ ఫోన్ రాకపోతే ఎవరికి చెప్పాలో ఆ నంబరు కూడా దాని మీదే రాయండి.